యంత్రవిద్య — మన పిల్లల జీవనోపాధి
(కోయంబత్తూరు తెలుగు కుటుంబముల సమావేశమున ఒక వర్తక ప్రముఖులు చేసిన ప్రసంగ పాఠము)



మేము పంపుల విడిభాగములు అమ్ము వర్తకులము. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. అయినను నిత్యము కార్ఖానాలతో పనిగలవారమగుటచే, పిల్లల చదువును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

నేడు మన యిండ్లలో కంప్యూటరు చదువునకున్న మన్నన మెకానికల్ ఇంజనీరింగునకు లేదు. అది చేతులకు నూనె అంటు పని యని పెద్దలే ముఖము చిట్లించుచున్నారు. ఈ చిన్నచూపు మనకు తగదు. మన తెలుగు కుటుంబమున పుట్టిన జి.డి. నాయుడుగారు హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో మోటారు సైకిలు కొని, దానిని విప్పి బిగించి యంత్రమర్మము నేర్చిరి. 1920లో ఒక్క బస్సుతో వ్యాపారము మొదలిడిరి. 1937లో విద్యుత్ మోటారును తయారుచేయించిరి. నేడీ పట్టణము పంపులకు, మోటార్లకు పేరుగాంచినది.

ఈ విద్యకు మూడు ద్వారములు కలవు. ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని 2 సంవత్సరములు. పాలిటెక్నిక్ డిప్లొమా 3 సంవత్సరములు. డిగ్రీ 4 సంవత్సరములు. ఐ.టి.ఐ. ముగించినవారు డిప్లొమా రెండవ సంవత్సరమునను, డిప్లొమా ముగించినవారు డిగ్రీ రెండవ సంవత్సరమునను చేరవచ్చును. కనుక బీదవాని బిడ్డ తొలి మెట్టున నిలిచిపోనక్కరలేదు. 1961 నాటి అప్రెంటిసు చట్టము ననుసరించి, పని నేర్చుకొను కాలమున భత్యము కూడ లభించును.

అయితే నిజము దాచరాదు. పట్టా చేతికి వచ్చినంతమాత్రమున ఉద్యోగము రాదు. తొలి జీతము కొద్దిగనే యుండవచ్చును. డ్రాయింగు చదువుట, మైక్రోమీటరుతో కొలుచుట, సి.ఎన్.సి. యంత్రము నడుపుట తెలిసినవానినే యజమాని వెదకును. విద్యుత్ వాహనములలో పిస్టను లేదు, సైలెన్సరు లేదు. అవి చేయు కార్ఖానాలకు పని తగ్గును. కాని మోటారునకు, బ్యాటరీని చల్లబరచు ఏర్పాటునకు, అచ్చుల తయారీకి నిపుణులు కావలయును. కావున ఒక్క వస్తువునకే కట్టుబడక, ఏ యంత్రమునకైన పనికివచ్చు నేర్పు సంపాదింపవలెను. ఆడపిల్లలును ఇందుకు అర్హులే.

కార్ఖానాలో మాట తమిళము. దానిని చక్కగ నేర్వవలెను. ఇంట తెలుగు విడువరాదు. రెండును మన సొత్తే.

కార్ఖానాలు గల పెద్దలకు మా విన్నపమొక్కటి: ఏటేట మన బీద కుటుంబముల నుండి ఒక్కొక్క పిల్లవానినైన పనిలో చేర్చుకొని తీర్చిదిద్దుడు. అట్టి పిల్లలను వెదకి మీ వాకిటికి తోడ్కొని వచ్చు భారము మాది.