చేతితో కట్టిన కారు - ముందుబల్ల మీది పలక
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పూర్వము పల్లెబడిలో చేరిన బిడ్డ చేతికి మొదట వచ్చునది పలక. నేడు అంగళ్లలో టాబ్లెట్ అను పేర అమ్ముచున్న కంప్యూటరు పేరునకు గూడ మొదటి అర్థము పలకయే. దానిలో పిల్లలు బొమ్మలు చూతురు, పెద్దలు వార్తలు చదువుదురు. తాము స్వయముగా కట్టుకొన్న కారులో దానినే ముందుబల్లగా, అనగా డాష్‌బోర్డుగా, అమర్చుకొనువారును కలరు.

గ్రంథాలయ సభలో ఈ ప్రస్తావన యేల యని కొందరికి తోపవచ్చును. మొయినాబాదు మండలమున అజీజ్‌నగరు, చిలుకూరు ప్రాంతములందు ఇంజనీరింగు కళాశాలలు గలవు. చేవెళ్లలో ట్రాక్టర్లు బాగుచేయు నేర్పరులు గలరు. ఇచ్చట చదువుకొను యువకులలో ఒకడు రేపు పాత ఇంజను నొకదానిని తెచ్చి బండి కట్టబూనవచ్చును. వానికి ఉత్సాహము చెప్పువారు పలువురుందురు. లెక్క చెప్పువారు కొందరైనను ఉండవలెను.

డాష్‌బోర్డు అను మాట మోటార్లకంటె పాతది. గుఱ్ఱపు డెక్కలు చిమ్ము బురద బండివానిపై పడకుండ ముందు అడ్డముగా నిలిపిన బల్లకు ఇంగ్లీషువారు పెట్టిన పేరది. మోటారు వచ్చిన పిమ్మట కొలత పరికరములు ఆ బల్లమీదనే చేరినవి. 1902లో ఓటో షూల్జె అను నాతడు అయస్కాంతముతో పనిచేయు స్పీడోమీటరునకు జర్మనీలో పేటెంటు పొందెను. చక్రముతోపాటు ఒక కేబులు తిరుగును. కేబులుతో అయస్కాంతము తిరుగును. దాని ప్రభావముచే లోహపు గిన్నె కొంత మలగి, దానికి కట్టిన ముల్లు వేగమును చూపును. కేబులు తెగినచో ముల్లు సున్నకు పడిపోవును. బండి పరుగెత్తుచుండ ముల్లు సున్నవద్ద నిలిచినచో దోషమున్నదని పసివానికైనను తెలియును. ఆ పాత పరికరమునందలి ఈ గుణమును గుర్తుంచుకొనవలెను.

గురువు లేకయే యంత్రవిద్య నేర్చినవారికి తెలుగువారిలో కొఱత లేదు. కోయంబత్తూరు సమీపమున కలంగల్ గ్రామమున 1893లో తెలుగు కుటుంబమున జన్మించిన జి.డి. నాయుడుగారికి బడిచదువు సాగలేదు. యౌవనమున ఆయన యొక మోటారుసైకిలును కొని, విప్పి, మరల కూర్చి దాని గుట్టు తెలిసికొనిరి. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి, పళనిల నడుమ రవాణా ఆరంభించిరి. 1952లో రెండువేల రూపాయలకే అమ్మదగిన ఇద్దరు కూర్చుండు కారును రూపొందించిరి. ప్రభుత్వానుమతి లభింపక అది బజారునకు రాలేదు. సమీపముననే మరొక దృష్టాంతము గలదు. హైదరాబాదు బహదూరుపురలో 2010లో తెరచిన సుధా కార్ల మ్యూజియమున కె. సుధాకర్‌గారు నిర్మించిన కార్లు క్రికెట్ బ్యాటు, బూటు, కెమెరా రూపములలో నున్నవి. ఆయన నిర్మించిన మహా ట్రైసైకిలు 2005లో గిన్నిస్ పుస్తకమున కెక్కినది. చేవెళ్లలో ఉదయము బస్సెక్కినవాడు చూచి సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును.

ఇక పలక పనిచేయు తీరు. పలకకు తనంతట తానుగా ఇంజను సంగతి తెలియదు. సెన్సారులు చెప్పిననే తెలియును. నీటి వేడిని తెలుపు సెన్సారులో వేడినిబట్టి విద్యున్నిరోధము మారును. చక్రము చెంతనున్న హాల్ సెన్సారు, చక్రమునకు అంటించిన అయస్కాంతము తన్ను దాటినప్పుడెల్ల ఒక సంకేతమిచ్చును. ఆర్డుయినో వంటి చిన్న సర్క్యూటు బోర్డు ఆ సంకేతములను లెక్కించి, యూఎస్‌బీ తీగ ద్వారమున గాని బ్లూటూత్ ద్వారమున గాని పలకకందించును. కంపెనీ కారునుండి తీసిన క్రొత్తరకము ఇంజనునకు దాని కంప్యూటరును గూడ తెచ్చుకొన్నచో, ఓబీడీ యను సాకెట్టు ద్వారమున ఆ సంగతులనే పొందవచ్చును. అమెరికాలో అమ్ము కార్లకు ఓబీడీ రెండవ ప్రమాణము 1996 నుండి తప్పనిసరియైనది. సాకెట్టులో చిన్న అడాప్టరు నుంచి, టార్క్ వంటి యాప్‌ను తెరచినచో అంకెలు, ముండ్లు తెరపై నిలుచును. ఖర్చు స్వల్పము, అందము అధికము.

అయితే అంకె పుట్టుటకు వెనుక లెక్క యున్నది. చక్రపు చుట్టుకొలత 180 సెంటీమీటర్లనుకొందురు గాక. నిమిషమునకు 500 చుట్లు తిరిగినచో బండి 900 మీటర్లు, అనగా గంటకు 54 కిలోమీటర్లు పోవును. పిదప 190 సెంటీమీటర్ల చుట్టుకొలత గల టైరు వేసి, లెక్కలో పాత అంకెనే యుంచినచో బండి 57 కిలోమీటర్ల వేగముతో పోవుచుండ తెర 54 అనియే చెప్పును. తెరకు దోషము లేదు. కట్టినవాడు మార్చుట మరచినాడు.

దీనికంటె గొప్ప అపాయము వేరొకటి గలదు. బ్లూటూత్ తెగినను, యాప్ స్తంభించినను, కొన్ని తెరలపై చివరి అంకె అట్లే నిలిచిపోవును. ఇంజను నూనె కారిపోవుచుండును, తెరపై నిండు ఒత్తిడి కనబడుచుండును. నీటి గొట్టము పగిలి యుండును, తెర 85 డిగ్రీలే యనుచుండును. ఇది నిన్నటి నిలువను నేటి నిలువగా చూపు చిట్టా వంటిది. చిట్టా లేనివాడు డబ్బు లెక్కించి చూచుకొనును. తప్పు చిట్టా గలవాడు నిశ్చింతగా నిద్రించును. పాత స్పీడోమీటరు చెడినప్పుడు సున్నకు పడెడిది. ఈ పలక చెడినప్పుడు నవ్వుచునే యుండును.

వేసవి యెండ మరొక శత్రువు. పెక్కు టాబ్లెట్లను 35 డిగ్రీలకు లోబడిన చోటనే వాడవలెనని తయారీదారులు సూచింతురు. ఈ ప్రాంతమున మే నెల ఎండ 40 దాటుట వింత గాదు. అద్దములు మూసి ఎండలో నిలిపిన కారులో వేడి అంతకు మించును. అప్పుడు తెర మసకబారును, లేదా తనంతట తానే ఆరిపోవును. లిథియము బ్యాటరీ ఉబ్బుటయు కలదు.

అందుచే బండి కట్టువాడు నాలుగు నియమములు పాటింపవలెను. మొదటిది, ఒక సెకనులో క్రొత్త అంకె రానిచో పాత అంకె చెరిగి గీతలు కనబడునట్లు ప్రోగ్రాము వ్రాయవలెను. రెండవది, నూనె ఒత్తిడికి, ఇంజను వేడికి పలకతో నిమిత్తము లేని ఎఱ్ఱదీపములను, వేరు స్విచ్చులతో, వేరు తీగలతో అమర్చవలెను. మూడవది, వేగమునకు ప్రత్యేకముగా స్పీడోమీటరు నుంచవలెను. నాలుగవది, హారను, దీపములు, వైపరు చేతికి తగిలెడి స్విచ్చులతోనే నడువవలెను. పెద్ద కంపెనీలును ఈ పాఠము నేర్చుకొనుచున్నవి. 2012లో టెస్లా మోడల్ ఎస్ పదునేడు అంగుళముల తెరతో వచ్చినపుడు లోకమెల్ల మెచ్చినది. ఇండికేటర్లు, హారను, వైపరు మున్నగువానికి తెరతో నిమిత్తములేని స్విచ్చులు, మీటలు గల కార్లకే పూర్తి మార్కులిచ్చునట్లు యూరో ఎన్‌కాప్ అను పరీక్షా సంస్థ 2026 నుండి నియమమేర్పరచినది.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవువాడు రెండు సెకనులు తెరను చూచినచో, ఆ వ్యవధిలో బండి 33 మీటర్లు చూపులేకయే సాగును. హైదరాబాదునుండి బీజాపురము పోవు ఈ మార్గమున మొయినాబాదు, చేవెళ్లల నడుమ పెద్ద మఱ్ఱులు ఎంత దగ్గరగా నున్నవో ఇచ్చటివారెఱుగుదురు. పూలబుట్టలతో, కూరగాయల మూటలతో ఆటోలు తెల్లవాఱక మునుపే పట్టణమునకు బయలుదేరును. 2025 నవంబరు 3న మీర్జాగూడ యొద్ద టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొనగా పందొమ్మిదిమంది ప్రాణములు కోల్పోయిరి. తెర వలన ఆ దుర్ఘటన కలిగెనని చెప్పుట గాదు. ఈ మార్గమున చూపు విలువ యెంతయో తెలియుటకు ఆ దినమును తలచుకొనుట చాలును.

చట్టము మాటయు వినదగినది. కేంద్ర మోటారు వాహనముల నియమములు, 1989లో 117వ నియమము వాహనమునకు స్పీడోమీటరు ఉండవలెనని విధించుచున్నది. 1988 నాటి చట్టములోని 52వ సెక్షను ప్రకారము కంపెనీవారు నిర్దేశించిన రూపమును యజమాని తన యిచ్చవచ్చినట్లు మార్చరాదు. క్రొత్త నమూనా వాహనము రోడ్డెక్కుటకు పూనాలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థల పరీక్షలో నెగ్గవలెను. కావున చేతితో కట్టిన బండికి తగిన తావు సొంత పొలము, లేదా అనుమతి గల కళాశాల ఆవరణము. అచ్చట నడపి, నేర్చుకొని, విప్పి, మరల కట్టవచ్చును.

ఈ గ్రంథాలయమున స్టాకు రిజిస్టరు గలదు. పుస్తకము లోపల నున్నదని రిజిస్టరు చెప్పును. అయినను పుస్తకములను తనిఖీ చేయునప్పుడు బీరువాలు తెరచి ఒక్కొక్క పుస్తకమును చేతితో తాకి టిక్కు పెట్టుదురు. రిజిస్టరుపై నమ్మకము లేక కాదు. తాకి చూచిన పిమ్మటనే ఆ నమ్మకము నిలుచును. బండి కట్ట నుత్సహించు యువకుడును అట్లే చేయవలెను. పలకను అమర్చుకొనవచ్చును, మురియవచ్చును. బయలుదేరక మునుపు బానెట్టు ఎత్తి, నూనెపుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మరల ముంచి చూడవలెను. ఆ పుల్లమీది గీటును, తెరమీది అంకెను ఒక నోటుపుస్తకమున ప్రక్కప్రక్కనే వ్రాసికొనవలెను. అవి రెండును ఒక్కమాటయే చెప్పిన దినముననే బండి కదలవలెను.