పెంపుడు కుక్కలకు మూత్రపిండ వ్యాధులు

ముసలికుక్క పగలెల్ల నీళ్లు త్రాగుచుండును. రాత్రి గదిలోనే మూత్రము విడుచును. ఇంటివారు విసిగి, చీకటి పడగానే నీళ్లగిన్నెను దాచివేయుదురు. ఇట్లు చేయుటవలన కలుగు హాని యెట్టిదో శ్రోతలకు మనవి చేయదలచితిమి.

మూత్రపిండములు రక్తములోని మలినములను వడకట్టి, కావలసిన నీటిని శరీరమునకు తిరిగి చేర్చును. వాని శక్తిలో దాదాపు మూడింట రెండువంతులు నశించినప్పుడు, నీటిని నిలుపుట వానికి సాధ్యము కాదు. మూత్రము పలుచనై అధికముగా వెడలును. పోయిన నీటిని పూరించుకొనుటకే కుక్క త్రాగుచున్నది. అది దురలవాటు కాదు. గిన్నెను దాచినంతమాత్రమున మూత్రము ఆగదు. శరీరములో నీరు తగ్గి, మిగిలిన శక్తి కూడ చెడును.

కావున నీటిని దాచుటకు బదులు కొలువవలెను. పది కిలోల కుక్క ఒక దినములో లీటరునకు మించి త్రాగినచో పశువైద్యునికి చూపవలెను. ఉదయకాలపు మూత్రమును శుభ్రమైన సీసాలో పట్టి కొనిపోవుట మేలు. మధుమేహము, గర్భాశయములో చీము పట్టుట కూడ దాహమును పెంచును గనుక, రక్తములో యూరియా, క్రియాటినిన్ మొదలగువానిని పరీక్షింపనిదే వ్యాధిని నిర్ణయింపరాదు.

ముదిరిన వ్యాధిలో నశించిన భాగము తిరిగి రాదు; మిగిలినదానిని కాపాడుటయే చికిత్స. భాస్వరము అధికముగా గల ఎముకలు, కాలేయము మాన్పవలెను. ఉప్పు తగ్గింపవలెను; ఊరగాయ కలిపిన అన్నము పెట్టరాదు. మాంసమెంత, గ్రుడ్డు తెల్లసొన యెంత అనునది వైద్యుడు చెప్పిన కొలతనే అనుసరింపవలెను. రక్తపుపోటు ఉన్నచో దానికిని మందు వాడవలెను.

హఠాత్తుగా వచ్చు వ్యాధి వేరు. ఎలుకల మూత్రముతో కలుషితమైన వాననీటినుండి లెప్టోస్పైరా అను సూక్ష్మజీవి సోకవచ్చును. జ్వరము, వాంతులు, కన్నులు పచ్చబడుట, మూత్రము తగ్గుట కానవచ్చినచో మరునాటివరకు ఆగరాదు. సెలైనుతోను, సూక్ష్మజీవులను చంపు మందులతోను సకాలమున చికిత్స జరిగినచో అనేకము కోలుకొనును. ఈ వ్యాధి మనుష్యులకును అంటును గనుక, ఆ మూత్రమును శుభ్రపరచువారు చేతులకు రబ్బరు తొడుగులు ధరింపవలెను. దీనికి టీకా కలదు; వైద్యుని సలహాపై ఏటేట వేయింపవలెను.

మనము నొప్పులకు వాడు ఐబుప్రొఫెన్ మాత్రలు గాని, పిల్లలు ముద్దుగా తినిపించు ద్రాక్షపండ్లు, కిస్‌మిస్‌లు గాని కుక్కకు పెట్టరాదు. అవి మూత్రపిండములను చెడగొట్టగలవు. మన పెంపుడు జంతువు తన బాధను నోటితో చెప్పుకొనలేదు. ఖాళీ అయిన నీళ్లగిన్నె చెప్పుదానిని మనమే గ్రహింపవలెను.