పాత కారు సైలెన్సర్ కొనే ముందు

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల పాత కార్లు నడుపుకుంటున్న వాళ్లకు ఈ పూట ఒక ముఖ్యమైన మాట చెప్పాలి.

సైలెన్సర్ తుప్పు పట్టిందనో, ఇంజిన్ లైటు ఆరడం లేదనో స్పేర్ పార్ట్స్ షాపుకెళ్తాం. ఏ బండి అని అడిగితే "ఆల్టో, 2011 మోడల్" అంటాం. మన ప్రాంతంలో ఆ జవాబు చాలదు.

2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో కొత్త కార్లకు భారత్ స్టేజ్ 4 (బీఎస్ 4) కాలుష్య ప్రమాణం తప్పనిసరి చేశారు. మిగతా చోట్ల బీఎస్ 3 కార్లు అమ్ముడవుతూనే ఉన్నాయి. దేశమంతటా బీఎస్ 4 వచ్చేసరికి 2017 ఏప్రిల్ అయింది. అంటే ఒకే పేరు, ఒకే సంవత్సరం ఉన్న రెండు కార్ల కింద రెండు రకాల సామాను ఉండొచ్చు. నిజామాబాద్ దారి మేడ్చల్ మీదుగా, కరీంనగర్ దారి శామీర్‌పేట మీదుగా నగరంలోకి వస్తాయి. ఏపీ 25, ఏపీ 15 నంబర్లతో ఆ జిల్లాల్లో రిజిస్టరైన కార్లు చేతులు మారి మన ఇళ్ల ముందుకొచ్చాయి. నంబరు ప్లేటు చూస్తే అనుమానం రావాలి, అంతే. దాన్ని బట్టి తేల్చేయకూడదు.

తేల్చేది ఛాసిస్ నంబరు. ఆర్‌సీలో ఉంటుంది, బండి మీద కొట్టి ఉంటుంది, 17 అక్షరాలు, అంకెలు. కంపెనీ పార్ట్స్ కౌంటర్లో ఆ నంబరు ఇస్తే మీ బండికి సరిపోయే పార్ట్ నంబరు చెప్తారు. అది రాసుకున్నాకే రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ షాపులకు వెళ్లినా, ఆన్‌లైన్‌లో కొన్నా. పాత ముక్క పట్టుకెళ్లి "ఇలాంటిదే ఇవ్వండి" అనడం మంచి పద్ధతి కాదు. మీకంటే ముందున్న ఓనరు తప్పు ముక్క బిగించి ఉంటే, అదే తప్పు మళ్లీ కొంటారు.

తేడా ఎక్కడుందంటారా? 2013 ఏప్రిల్ నుంచి బీఎస్ 4 కార్లకు బండి తన లోపాలను తానే పసిగట్టే ఓబీడీ 2 వచ్చింది. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పని చేస్తోందా లేదా అన్నది బండి కంప్యూటరే కనిపెట్టాలి. అందుకని పెట్రోలు కార్లలో కన్వర్టర్ దాటాక ఇంకో ఆక్సిజన్ సెన్సర్ పెట్టారు. దానికి చోటు లేని పైపు తెస్తే ఆ సెన్సర్ ఎక్కడ బిగిస్తారు? సెన్సర్ కొనేటప్పుడు కూడా వైర్లెన్ని, ప్లగ్ ఏ ఆకారం, వైరు పొడవెంత అన్నది చూసుకోండి. మర సరిపోయినంత మాత్రాన అది మీ సెన్సర్ అయిపోదు.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే విషయం. కన్వర్టర్ లోపల తేనెపట్టులాంటి దిమ్మె ఉంటుంది. దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. ఆ లోహాల కోసం దిమ్మె తీసేసి ఖాళీ డొల్ల మళ్లీ బిగించేవాళ్లున్నారు. "పికప్ పెరుగుతుంది" అని నచ్చజెప్తారు. ఒప్పుకోకండి. పొల్యూషన్ పరీక్షలో బీఎస్ 3 పెట్రోలు కారు పొగలో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం దాటకూడదు. బీఎస్ 4కు 0.3 శాతం, 200 పీపీఎం. ఆ హద్దులో ఉంచాల్సిన దిమ్మెనే తీసేశాక ఆ విషమంతా మీ వీధిలోనే, బడి బస్సు కోసం నిలబడ్డ పిల్లల ముఖాల మీదికే పోతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండగా కన్వర్టర్ని గూటంతో మెల్లగా తట్టించండి. గలగలమంటే దిమ్మె పగిలినట్టు, డొల్లగా మోగితే లోపల ఏమీ లేనట్టు.

ఇంకొకటి. కన్వర్టర్ సరిగా పని చేయడం లేదని చెప్పే పి0420 కోడ్ వచ్చింది కదా అని వెంటనే కన్వర్టర్ కొనకండి. ముందు పైపుల జాయింట్లు, గాస్కెట్లు చూపించండి. సెన్సర్‌కు ముందు ఎక్కడ లీకున్నా బయటి గాలి కలుస్తుంది. సెన్సర్ దాన్ని చూసి పెట్రోలు తక్కువైందనుకుంటుంది, కంప్యూటర్ ఇంకాస్త పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. చిన్న గాస్కెట్‌తో పోయేదానికి వేలు ఖర్చు పెట్టక్కర్లేదు. కన్వర్టర్ నిజంగానే పోయి ఉంటే, ఎందుకు పోయిందో అడగండి. స్పార్క్ ప్లగ్గు మిస్సవుతున్నా, ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా కొత్తది కూడా కాలిపోతుంది. ముందు ఆ రోగం నయం చేయించి, తర్వాత కొత్తది వేయించండి. బిల్లు మీద పార్ట్ నంబరు తప్పకుండా రాయించుకోండి.