పట్టికలోని పంక్తి యంతయు లింకు కావలెను



నేఁడు పల్లెలయందు సైతము పొలము పట్టా మొదలు పింఛను వఱకు చేతి ఫోనులోనే వెదకికొనుచున్నాము. ఆ తెరమీఁద మొదట కానవచ్చునది యొక పట్టిక. దానినే మెనూ యందురు. అందలి ప్రతి పంక్తియు వేఱొక పుటకు దారి. ఆ దారికి లింకని పేరు. వృద్ధుఁడు పంక్తిపై వ్రేలుంచును, ఏమియు జరుగదు. మరల నుంచును, జరుగదు. తనకు చేతకాదనుకొని ఫోను మనుమని చేతికిచ్చును. దోషమాతనిది కాదు, పట్టిక కట్టినవానిది.

కారణము వినుఁడు. వెబ్ పుటను హెచ్.టి.ఎం.ఎల్. అను గుర్తులతో వ్రాయుదురు. పంక్తికి 'ఎల్.ఐ.' గుర్తు, దాని లోపలి లింకునకు 'ఏ' గుర్తు. ఈ రెండవది స్వభావముచేత అక్షరములున్నంత మేరకే వ్యాపించును. కట్టువాఁడు పంక్తికి రంగు పూసి, చుట్టును ఖాళీ విడిచి, పెద్ద పలకవలె చూపును. నొక్కినచో పలుకునవి మాత్రము నడిమి నాలుగక్షరములే. గోడనిండ సింహద్వారము చిత్రించి, పిల్లి దూఱునంత కంత విడిచినట్లున్నది.

చికిత్స సులభము. సి.ఎస్.ఎస్. అను అలంకరణ విధానములో లింకునకు 'డిస్‌ప్లే బ్లాక్' అని వ్రాయవలెను. అది పంక్తి వెడల్పెల్ల నాక్రమించును. 'పాడింగ్' అను చుట్టు ఖాళీని పంక్తికిఁ గాక లింకునకే యీయవలెను. అంతటితో పలక యంతయు దారియగును.

కొందఱు లింకును విడిచి, పంక్తికే స్క్రిప్టు తగిలింతురు. ఇది దొడ్డిదారి. కీబోర్డులోని 'ట్యాబ్' మీటతో నడచువానికి ఆ పంక్తి యందదు. చూపులేనివారికి తెర చదివి వినిపించు సాధనము దానిని లింకని చెప్పదు. ఒకరికి దారి వెడల్పు చేయఁబోయి మఱియొకరికి మూసినట్లగును.

గుఱి చిన్నదై దూరమైనకొలఁది చేయి చేరుటకు ఆలస్యమగునని అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుఁడు పాల్ ఫిట్స్ 1954లో సూత్రీకరించెను. వెబ్ ప్రమాణములను నిర్ణయించు వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2018లో, నొక్కుచోటు 44 పిక్సెళ్ల నిడివి, 44 పిక్సెళ్ల వెడల్పు కలిగియుండుట ఉన్నత ప్రమాణమని పేర్కొనెను. 2023లో, కొన్ని మినహాయింపులతో, 24 పిక్సెళ్ల కొలతను కనీసముగా నిర్ణయించెను.

వ్రేలు వడఁకు వయస్సు అందఱికిని వచ్చునదే. మీ యిండ్లలో ఈ విద్య నేర్చు పిల్లలున్నచో, తాము కట్టిన పట్టికను అక్షరములపైఁ గాక పంక్తి కొసను నొక్కి పరీక్షింపుఁడని చెప్పుఁడు. పుట తెఱచుకొన్నచో పని ముగిసినది. లేనిచో ఇంకను మిగిలియున్నది.