వెలలేనిది, విలువలేనిది

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేర జరుగుతోందో ఆ మాస్టారు కనిగిరిలో ఇంగ్లిషు చెప్పారు. ఆయన గొప్పతనం ముందు మాట్లాడిన పెద్దలు చెప్పేశారు. నాకు గుర్తున్నది, తప్పు రాస్తే ఆయన కొట్టేసేవారు కాదు, పక్కన ఎర్రసిరా చుక్క పెట్టేవారు. తప్పేమిటో మనమే వెతుక్కోవాలి. ఒక్క మాట దగ్గర మాత్రం ఆయనతో నాకు చివరిదాకా కుదరలేదు. ఆ మాట ‘ఇన్‌వాల్యుబుల్’, అంటే వెలకట్టలేనంత విలువైనది.

‘వాల్యూ’ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషుకు వచ్చిన సంగతి మీకు తెలిసిందే. అక్కడ ఆగను.

‘ఇన్’ అంటే ‘కాదు’ అని నేర్పి, ‘ఇన్‌వాల్యుబుల్’ మాత్రం మినహాయింపు, బట్టీ పట్టండి అంటాయి పోటీపరీక్షల గైడ్లు. మాస్టారూ అలాగే చెప్పారు. కొందరు దీన్ని ‘ఇన్‌ఫ్లేమబుల్’ సరసన చేరుస్తారు. ఇది బొత్తిగా తప్పు. ‘ఇన్‌ఫ్లేమబుల్’లో ఉన్నది వ్యతిరేకార్థం కానే కాదు, నిప్పు రాజేయడమనే లాటిన్ క్రియలోని భాగం. మండనిదని జనం పొరబడుతున్నారనే 1920లలో అమెరికా అగ్నిప్రమాద నివారణ సంఘం ‘ఫ్లేమబుల్’ అని రాయమంది. ‘ఇన్‌వాల్యుబుల్’లో ‘ఇన్’ నిఖార్సయిన ‘కాదే’. అయితే అది కాదంటున్నది విలువను కాదు, విలువ కట్టే వీలును. ‘ఏబుల్’ అక్కడ ఊరికే లేదు.

ఇదంతా వాడుక చేసిన మాయ, తర్కం వెతకొద్దు అనేవారున్నారు. వారికి షేక్‌స్పియర్‌ని చూపిస్తాను. ‘మూడవ రిచర్డ్’లో క్లారెన్స్ కలలో సముద్రం అడుగున కనిపించిన నగలు ‘అన్‌వాల్యూడ్’, అంటే వెలకట్టలేనివి. ‘హామ్లెట్’లో లేయర్టీస్ చెల్లెలికి బుద్ధులు చెబుతూ సామాన్య జనాన్ని అదే మాటతో అన్నాడు, అంటే లెక్కలోకి రానివారు. ఒకే కవి, ఒకే మాట, రెండు దిక్కులు. కాదనడం కొలత మీద పడితే వస్తువు పైకి పోతుంది, యోగ్యత మీద పడితే కిందికి పోతుంది. ‘ప్రైస్‌లెస్’, ‘వర్త్‌లెస్’ చూడండి, తోక ఒకటే.

ఇందులో మన పిల్లలకు కొత్తేముంది? వెలలేని నగ అంటాం, విలువలేని బతుకు అంటాం. వెల, విలువ, పాత తెలుగులోని ‘విలుచు’ (కొనడం), మూడూ ఒకే ధాతువులో పుట్టినవని బరో, ఎమెనోల ద్రావిడ నిఘంటువు చెబుతోంది. ఒకే కడుపున పుట్టినవాటికి ‘లేని’ తగలగానే ఒకటి ఆకాశాన, ఒకటి పాతాళాన. సంస్కృతం నుంచి తెచ్చుకున్న అమూల్యం, అనర్ఘం కూడా పైకే పోయాయి. వీటిని మినహాయింపులని మనకెవరూ నూరిపోయలేదు. ‘వెలలేని’ చేతిలో ఉండగా గైడు ఎందుకు?

‘మిర్చికి ధర లేదు’ అంటే కిందికే కదా అని ఒక మిత్రుడు అడ్డు తగిలారు. మంచి ప్రశ్న. ధర లేకేం, యార్డులో వ్యాపారి ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. రైతు లేదంటున్నది గిట్టే ధర. పత్తికి కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది, ఆ జాబితాలో మిర్చి లేదు. కాబట్టి మిర్చి రైతు నోట ‘లేదు’ అనే మాటకు బరువెక్కువ. ఆ బరువు వ్యాకరణం పుస్తకాల్లో దొరకదు.

పుస్తకాలకెక్కని ఇలాంటి వాడుకను వెతకడమే నేనిప్పుడు చేస్తున్న పని. మన ఒంగోలులో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయపు మాటలతో, 1962లో వచ్చింది. పంట కళ్ళం దాటి కాటా ఎక్కాక పుట్టే మాటలు నేను పోగుచేస్తున్నాను: ధర, రేటు, ఖరీదు, గిట్టుబాటు, మచ్చు, తరుగు, తాలు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి నెల్లూరులో, అద్దంకి గుంటూరులో, మార్కాపురం కర్నూలులో ఉండేవి. అందుకని ఒకే మాట ఊరికో తీరుగా పలుకుతుంది. మీ ఊళ్ళో ‘ధర లేదు’ అని ఏ సరుకుకు, ఎవరు, ఎవరితో అంటారో రాసి పంపండి. కార్డు ముక్క మీదైనా సరే, అన్నవారి ఊరూ పంటా మాత్రం తప్పకుండా రాయండి.