రాతిధూళి – క్షయ

కంకరమిల్లులో పదునైదేండ్లు పనిచేసిన మనిషికి దగ్గు, ఆయాసము పట్టుకొన్నవి. పరీక్షలో క్షయ అని తేలినది. మందులు వాడగా క్రిములు నశించినవి. ఆయాసము మాత్రము తగ్గలేదు. మందు పనిచేయలేదని ఇంటివారు నిరాశపడుదురు. నిజమునకు మందు తన పని తాను చేసినది. క్షయచాటున మరియొక వ్యాధి దాగియున్నది. అదియే సిలికోసిస్.

పలుగురాతిలోను, గ్రానైటులోను సిలికా అను పదార్థము కలదు. రాతిని తొలిచినపుడు, కోసినపుడు, పిండి చేసినపుడు అది ధూళియై లేచును. కంటికి కనబడు ధూళి చాలవరకు ముక్కులో, గొంతులో చిక్కుకొనును. మిల్లీమీటరులో నూరవవంతుకంటె సన్ననైన రేణువులే ఊపిరితిత్తుల లోతునకు చేరును. వానిని మ్రింగిన రక్షకకణములు తామే చచ్చిపోవును. అచ్చట వాపు కలిగి, మెత్తని కండ గట్టిపడి మచ్చ కట్టును. పని మానినను ఈ మచ్చ పెరుగుచుండవచ్చును. దానిని మాన్పు మందు లేదు.

రక్షకకణములు చెడుటచేత క్షయక్రిమికి అడ్డు తొలగును. అందుచేతనే ఈ రోగులకు క్షయ సోకు ప్రమాదము ఇతరులకంటె అనేకరెట్లు అధికము. గట్టిపడిన ఊపిరితిత్తులలోనికి రక్తమును నెట్టలేక గుండె కుడిభాగము అలసిపోవును. కీళ్లవాతము, మూత్రపిండముల వ్యాధియు రావచ్చును. సిలికాధూళి క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 1997లో నిర్ణయించినది.

కోలారు బంగారు గనులలో పలుగురాతిని తొలిచి బంగారము తీసిరి. తెలుగువారును అచ్చట పనిచేసిరి. ఈ వ్యాధియు అచ్చట కనబడినది. ఆ గనులు 2001లో మూతపడినవి. కాని గని మూతపడినంతమాత్రమున, అందు పనిచేసిన వాని రొమ్ములోని మచ్చ మాయదు.

మరి మన కర్తవ్యమేమి? రాతిని తడిపి తొలువవలెను. ధూళిని పుట్టినచోటనే యంత్రముతో పీల్చివేయవలెను. మూతికి చుట్టిన తువ్వాలు సన్నని ధూళిని ఆపజాలదు. పొగత్రాగుట మానవలెను. క్షయ సోకినచో మందును నడుమ విడువరాదు. ఇట్టి రోగులకు చికిత్స మామూలుకంటె ఎక్కువకాలము అవసరము కావచ్చును.

అన్నిటికంటె ముఖ్యము, వైద్యునికి మన పనిని గూర్చి చెప్పుట. ఇరువదియేండ్ల క్రిందట మానిన పనినైనను దాచరాదు. వృత్తివ్యాధిగా నిర్ధారణయైననే పరిహారము కోరుటకు ఆధారము దొరకును. వైద్యుడడుగక పోయినను మనమే చెప్పుదము: “అయ్యా, నేను రాయి కొట్టినవాడను.”