చెరువు గట్టు మీద రెండు బ్యాటరీలు
(చెరువు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొల్లేరు చుట్టూ కైకలూరు, ఆకివీడు వైపు రొయ్యలు పెంచేవాళ్లకి తెల్లవారుజామున కరెంటు పోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. రాత్రంతా తగ్గుతూ వచ్చిన ఆక్సిజన్ సరిగ్గా ఆ వేళకే అడుగంటుతుంది. ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలిపోతుంది.

నిరుడు మా చెరువు మీద అదే జరిగింది. జనరేటర్ బటన్ నొక్కితే టిక్కుమని ఊరుకుంది. కాపలా కుర్రాడు మకాంలో లైటు, ఫ్యాను ఆ బ్యాటరీకే తగిలించాడు. తప్పు వాడిది కాదు, వేరే బ్యాటరీ కొనివ్వని నాది.

ఇంజన్ని లేపే బ్యాటరీలో పలచటి ప్లేట్లు ఎక్కువుంటాయి. వందల ఆంపియర్లు ఇస్తుంది, కానీ కొన్ని సెకన్లే. రాత్రంతా దాన్ని పిండి పదే పదే ఖాళీ చేస్తే తొందరగా చచ్చిపోతుంది. ఇన్వర్టర్లకు వాడే ట్యూబులార్ బ్యాటరీలో ప్లేట్లు మందం. కొద్దికొద్దిగా గంటల తరబడి ఇస్తుంది. మేత పడవకి కరెంటు మోటారు పెట్టుకున్నా ఇదే కావాలి. బరువెక్కువ, పడవ మధ్యలో అడుగున కదలకుండా కట్టండి.

లెక్క చూడండి. 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీ అంటే 1,200 వాట్ అవర్లు. అందులో సగమే వాడుకోవాలి. లైటు, ఫ్యాను కలిపి 60 వాట్లయితే పది గంటలు. 30 ఆంపియర్లు లాగే పడవ మోటారుకి గంటన్నర వస్తే గొప్ప.

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో కొట్టువాడు ఏదైనా ఒకటే అంటే నమ్మకండి. మీటరు ఒకటి కొనుక్కోండి. కొన్ని గంటలు వాడకుండా ఉంచిన బ్యాటరీ 12.6 పైన చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. జనరేటర్ని వారానికోసారి లేపి చూడండి, అదీ చీకటి పడకముందే.